ఇరవై ఎనిమిది నిమిషాల పరీక్ష

ఒకటి హోసూరు బండి, ఇంకొకటి చాకన్ బండి. రెండూ వేగం కోసం పుట్టినవే. వాటిలో ఏది కొనాలో తేల్చుకోవడానికి మాత్రం, వేగంగా వెళ్తే జరిమానా వేసే దారి ఎక్కాల్సి వచ్చింది.

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర పొద్దున్నే వరసలో నిలబడ్డాను. నా ముందు నారింజ రంగు కేటీఎం ఆర్‌సీ 390. దాని మీద వంగి కూర్చున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. హ్యాండిల్‌కి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి కాబట్టి కొత్త బండే. ఆ ఇంజిన్ 43.5 పీఎస్ శక్తినిస్తుంది. మా నాన్న కాలపు యమహా ఆర్‌ఎక్స్ 100లు నాలుగు కలిపితే గానీ అంత శక్తి రాదు.

తనిఖీ కాగానే కుర్రాడు కాస్త ఎక్కువే రేజ్ చేసి కదిలాడు. నా పాత యమహా ఆర్15 మీద నేను వెనకాలే వెళ్లాను. పాతిక నిమిషాలు దాటాక, పైన టోల్‌గేటు ఇంకాస్త దూరంలో ఉందనగా, రోడ్డు పక్కన మళ్లీ కనిపించాడు. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, బండికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. బండి చెడిపోయిందేమో అనుకుని ఆగబోయాను. "ఏం లేదన్నా, ఇంకా టైం కాలా" అన్నాడు నవ్వుతూ.

తిరుపతి వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. బయటి వాళ్ల కోసం చెప్తాను. అలిపిరిలో బయల్దేరిన వేళ నమోదవుతుంది. తిరుమల కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి, దిగడానికి కనీసం 40 నిమిషాలు. అంతకన్నా ముందే గేటు చేరారంటే మలుపుల్లో దూకుడుగా తోలినట్టే లెక్క, జరిమానా తప్పదు. దారి పద్దెనిమిది కిలోమీటర్లనుకున్నా ఎక్కేటప్పుడు సగటు వేగం గంటకు నలభై దాటకూడదు. దిగేటప్పుడు ముప్పై లోపే. మన బైకులకి కంపెనీలు ఇచ్చే లెక్కల్లో ఈ రెండు అంకెలూ ఎక్కడా ఉండవు.

నేను బండి మార్చాలనుకుంటున్న రోజులవి. ఆర్‌సీ 390 ఒక పక్క, టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 ఇంకో పక్క. మూడు నెలలుగా కాగితాల మీద రెండింటినీ తూకం వేస్తూనే ఉన్నాను. ఎటూ తేలడం లేదు. చివరికి నా ఆర్15ని పదేళ్లుగా చూస్తున్న మెకానిక్ అన్న దగ్గర కూర్చుని లెక్కలన్నీ చదివి వినిపించాను. ఆయన స్పానరు పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు.

"యాడ తోలతావన్నా నువ్వు ఈ బండిని?"

"కొండకి. చిత్తూరుకి. ఎప్పుడన్నా బెంగుళూరికి."

"అట్టయితే ఈ లెక్కలన్నీ మడిచి జోబులో పెట్టుకో. రెండో గేర్లో, మూడో గేర్లో కొండెక్కి దిగు. ఏ బండి నీ మీద ఇసుక్కోకుండా ఉంటాదో అది తీసుకో."

వేగం కోసం చేసిన బండిని నిదానంలో పరీక్షించమంటున్నాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నా ప్రశ్నకి సరైన కొలబద్ద అదే అనిపించింది.

ఉన్న బండికి ఏమైందని?

ఏమీ కాలేదు. ఆర్15 మొదటిసారి 2008లో వచ్చినప్పుడు మా ఊళ్లో అదో వింత. అంతకుముందు రేసు బండి అంటే మాకు గోడ మీది పోస్టరే. 150 సీసీ లోపు ఇంజిన్‌కి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు, నాలుగు వాల్వులు, ఒళ్లంతా కప్పేసిన ఫెయిరింగు, దాదాపు 17 పీఎస్ శక్తి. ఇవన్నీ లక్ష రూపాయల లోపు ధరకి వచ్చాయి. దానికి ముందు 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చింది గానీ, అది పెద్ద దూరాల బండి, రేసు బండి కాదు. ఇంకా వెనక్కి వెళ్తే 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు తెచ్చిన రాజ్‌దూత్ 350. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. జపాన్‌లో 39 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌ని ఇక్కడి పెట్రోలు లెక్కలకి భయపడి ముప్పైకి తగ్గించి అమ్మారు. అయినా మైలేజీ రాదని జనం దూరం పెట్టారు. ఇప్పుడు అదే బండి కోసం లక్షలు పట్టుకుని తిరుగుతున్నారు. వేగం మీద మోజు, పెట్రోలు మీద భయం రెండూ ఒకే గుండెలో ఉండటం మనకి కొత్త కాదు.

నా ఆర్15 ఇప్పటికీ పొద్దున ఒక్క సెల్ఫ్‌కి స్టార్టవుతుంది. చిక్కంతా చిత్తూరు రోడ్డులోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు వేరయ్యాక నా ఇల్లు ఒక జిల్లాలో, అమ్మ ఉండే ఊరు ఇంకో జిల్లాలో పడ్డాయి. వారానికోసారైనా వెళ్లి రావాలి. చంద్రగిరి దాటాక ఆరు వరసల రోడ్డు. అక్కడ లారీని దాటాలంటే ఆర్15కి రెండు గేర్లు తగ్గించి, ఇంజిన్‌ని గొంతెత్తి అరిపించాలి. పాతికేళ్ల వయసులో ఆ అరుపే సంగీతం. నలభై దాటాక పక్క లారీ డ్రైవరు ముఖం అంతసేపు చూస్తూ ఉండటం బాగోదు.

మరి ఈ రెండే ఎందుకు? అప్రీలియా ఆర్‌ఎస్ 457 చూశాను. రెండు సిలిండర్లు, 47.6 పీఎస్, నున్నగా లాగే ఇంజిన్. కానీ 2023 డిసెంబరులో వచ్చినప్పుడే ఎక్స్ షోరూమ్ ధర 4.10 లక్షలు. కవాసకీ నింజా 300 నమ్మకమైన పాత కాపు, అయితే ఆ డబ్బుకి అందులో లేనివి చాలా ఉన్నాయి. ఇంట్లో ఒప్పుకునే ధరకీ, నా మనసు ఒప్పుకునే బలానికీ మధ్య మిగిలినవి ఈ రెండే.

కాగితం మీద

అపాచీ ఆర్‌ఆర్ 310ది హోసూరు. ఊరు తమిళనాడులోదే అయినా వీధిలో తెలుగు వినిపించే ఊరు, కుప్పం వాళ్లకి పొరుగూరు కిందే లెక్క. 2013లో బీఎండబ్ల్యూతో టీవీఎస్ చేతులు కలిపాక పుట్టిన ఇంజిన్ ఇది. బీఎండబ్ల్యూ జీ 310 బళ్లు కూడా హోసూరు ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. 2017 డిసెంబరులో ఆర్‌ఆర్ మొదట వచ్చినప్పుడు 34 పీఎస్. 2024 సెప్టెంబరులో కొత్త రూపంలో, ముందు చిన్న రెక్కలతో, 38 పీఎస్‌తో 2.75 లక్షల ధరకి దిగింది. ఇంజిన్ 312.2 సీసీ. బరువు 174 కిలోలు.

ఆర్‌సీ 390 ఆస్ట్రియా కేటీఎం పేరుతో, పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ తయారు చేసే బండి. ఇప్పటి రూపం 2022 మేలో 3.14 లక్షలకి వచ్చింది. 373 సీసీ, బరువు 172 కిలోలు. వంపులో బండి ఎంత వాలిందో కొలిచి దాన్ని బట్టి బ్రేకునీ చక్రం జారడాన్నీ అదుపు చేసే ఏర్పాటుంది. ఈ తరగతిలో అది చిన్న విషయం కాదు.

టన్ను బరువుకి లెక్క కడితే ఆర్‌సీకి 253 పీఎస్, ఆర్‌ఆర్‌కి 218. రేసు ట్రాకు మీద తీర్పు ఇక్కడే అయిపోయింది. సరుకు మోయడానికి కాదు కాబట్టి మిగతాదంతా అనవసరం అనేవాళ్లుంటారు. వాళ్లు నెలవారీ కిస్తీ కట్టని వాళ్లు.

ఎందుకంటే ఈ రెండు బళ్ల మధ్య ప్రభుత్వం ఒక గీత గీసింది, అది 350 సీసీ దగ్గర. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీతకి ఇవతలి బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అవతలి వాటి మీద సెస్సుతో కలిపి 31 ఉన్నది 40కి పెరిగింది. ఆర్‌ఆర్ ఇవతల, ఆర్‌సీ 23 సీసీ తేడాతో అవతల. బీమాలోనూ అదే గీత. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 దాటి 350 సీసీ లోపు 7,365 రూపాయలైతే, పైన 15,117. గ్లాసెడు పెట్రోలు కూడా పట్టని ఆ 23 సీసీకి ఇంత ఖరీదు.

టీ బంకు దగ్గర ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. "కేటీఎం దివాలా తీసింది గదా, స్పేరు పార్టులు దొరకతాయా?" ఆస్ట్రియాలో 2024 నవంబరులో కంపెనీ దివాలా ప్రక్రియకి వెళ్లిన మాట నిజమే. కానీ దాన్ని నిలబెట్టడానికి డబ్బు పోసింది మన బజాజే. 2007లో చిన్న వాటాతో మొదలుపెట్టినవాళ్లు చివరికి యజమానులయ్యారు. మనం కొనే ఆర్‌సీ ఎటూ చాకన్‌లోనే పుడుతుంది. ఈ భయం ఒక్కటి మాత్రం నేను పక్కన పెట్టేశాను.

కొండ ఎక్కుతూ

షోరూము వాళ్లిచ్చే టెస్ట్ రైడు మా ఊళ్లో శ్రీనివాస సేతు ఫ్లైఓవరెక్కి దిగేసరికి అయిపోతుంది. అందుకని మిత్రుల బళ్లు అడిగి తీసుకున్నాను. రెండు శనివారాలు, రెండు బళ్లు, అదే దారి. సొంత బండి ఇంకొకరి చేతికివ్వడం ఎంత పెద్ద మాటో బండి ఉన్నవాళ్లకే తెలుసు. పెట్రోలు నింపించి, తుడిపించి మరీ ఇచ్చాను.

ముందుగా ఒక చిన్న ఇంజిన్ పాఠం. ఈ రెండు బళ్లూ సింగిల్ సిలిండర్‌వే. ఫోర్ స్ట్రోక్ సింగిల్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పడుతుంది. ఇంజిన్ 9 వేల చుట్ల మీద ఉన్నప్పుడు సెకనుకి 75 దెబ్బలు. అవన్నీ కలిసిపోయి ఒకే ధార అవుతాయి. 3 వేల చుట్ల మీద సెకనుకి 25 దెబ్బలే. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు చైనుకి తెలుస్తుంది, చైను నుంచి మన నడుముకి తెలుస్తుంది. పిస్టన్ ఎంత పెద్దదైతే ఆ దెబ్బ అంత గట్టిది. ఆర్‌సీ పిస్టన్ అడ్డకొలత 89 మిల్లీమీటర్లు. ఆర్‌ఆర్‌ది 80.

రెండో ఘాట్ రోడ్డు, అంటే 1974లో తెరిచిన ఎక్కే దారి, వెడల్పుగా, నున్నగా ఉంటుంది. మలుపులు మరీ మెలిక తిరిగినవి కావు. చెడగొట్టేది అదే. ఆర్‌సీ మీద మొదటి మలుపులోనే నా చెయ్యి నా మాట వినడం మానేసింది. ఆ బండిలో బలమంతా 5 వేల చుట్లు దాటాక మేలుకుంటుంది. 37 న్యూటన్ మీటర్ల టార్క్ 7 వేల దగ్గర శిఖరం. అక్కడికి తీసుకెళ్తే ఎంత బాగా లాగుతుందో చెప్పలేను. మలుపులోకి వంచితే తలుపు గడియ పడినట్టు ఒక గీత పట్టుకుని పోతుంది. ఎటొచ్చీ అక్కడికి తీసుకెళ్లామంటే అరవై డెబ్భై మీద ఉంటాం. ముందు బస్సు, బస్సు ముందు గోవింద నామం చెప్పుకుంటూ పోయే జీపు. తగ్గించి మూడో గేర్లో 35 మీద పెడితే ఇంజిన్ గునుస్తుంది. రెండో గేరుకి వస్తే ముందుకి ఉరకాలంటుంది. అది లోపం కాదు. పందెపు కోడిని పెరట్లో గింజలేరుకోమంటే ఎట్టా? ఇరవై నాలుగో నిమిషానికే పైదాకా వచ్చేశాను. ఎక్కడ తొందర పడ్డానో నాకే తెలియదు. నేను కూడా రోడ్డు పక్కన ఆగి, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టి, ఆ కుర్రాడి లాగానే ఫోను తీశాను. అలా ఆగడం మంచి పని కాదని తెలుసు. వెనక వచ్చే బస్సుకి మనం కనిపించేది మలుపు తిరిగాకే.

తర్వాతి శనివారం ఆర్‌ఆర్. దీని ఇంజిన్ అమరిక తిరగేసినట్టుంటుంది. సిలిండర్ వెనక్కి వాలి ఉంటుంది. గాలి ముందు నుంచి లోపలికి పోతుంది, పొగ వెనక నుంచి బయటికి వస్తుంది. బరువు ముందుకి జరిగి, వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్ము పొడవుగా పెట్టుకునే వీలు దొరికింది. వంపులో నిలకడ అక్కడి నుంచే. దీనికి నాలుగు మోడ్లు: రెయిన్, అర్బన్, స్పోర్ట్, ట్రాక్. అర్బన్‌లో పెడితే శక్తి తగ్గి, మెత్తబడుతుంది. అన్నిటికన్నా నాకు పనికొచ్చింది 2020లో చేర్చిన ఒక చిన్న ఏర్పాటు. యాక్సిలరేటర్ తిప్పకుండా క్లచ్ వదిలేస్తే బండి ఆగిపోకుండా తనంతట తాను నింపాదిగా పాకుతుంది. బెంగుళూరు ట్రాఫిక్ కోసం పెట్టి ఉంటారు గానీ, తిరుమల బస్సు వెనకాల దాని విలువ ఇంకా బాగా తెలిసింది.

ఉల్లాసం? ఆర్‌సీ అంత లేదు. ఆ మాట దాచను. ఎక్కడా ఒళ్లు పులకరించలేదు. కానీ ఒక మలుపు దగ్గర లోయలో మంచు విడిపోతుంటే చూశాను, రేణిగుంట వైపు రైలు కనిపించింది. ఆర్‌సీ మీద నాకు కనిపించింది రోడ్డొక్కటే. గేటు దగ్గరికి వచ్చి గడియారం చూసుకుంటే ముప్పై నిమిషాలు.

దిగుతూ

దిగేది పాత దారి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వేసిన ఈ ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరుచుకుంది. అంతకుముందు నడకే, లేదంటే డోలీ. ముప్పై ఆరు హెయిర్‌పిన్ వంపులు. ఆ రోజుల్లోని బస్సులు పెట్రోలు వాసనతో, పొగలు కక్కుతూ ఇక్కడ ఎలా తిరిగాయో అనుకుంటే ఆశ్చర్యం.

దిగేటప్పుడు శక్తి లెక్కలేవీ పనిచెయ్యవు. పనిచేసేవి మణికట్లు. క్లిప్ ఆన్ హ్యాండిళ్ల మీద వంగి కూర్చుని పల్లంలోకి దిగుతుంటే ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. నలభై నిమిషాలు. తొడలతో ట్యాంకుని గట్టిగా పట్టుకుంటే చేతులకి కాస్త విరామం. ఇది పుస్తకాల్లో చదివితే రాదు, పదిహేనో వంపు దగ్గర దానంతట అదే వస్తుంది. రెండు బళ్లలోనూ హ్యాండిళ్లు అసలు రేసు బళ్లంత కిందికి ఉండవు. ఆర్‌ఆర్‌వి ఇంకాస్త పైకి, అందులో నా వయసుకి ఒక అయిదేళ్లు వెనక్కి వచ్చాయి.

ఇంజిన్ బ్రేకింగులో మాత్రం ఆర్‌సీదే పైచెయ్యి. పెద్ద పిస్టన్, గట్టి కంప్రెషన్. రెండో గేర్లో వదిలేస్తే వెనక నుంచి ఎవరో పట్టుకుని దించుతున్నట్టుంటుంది, బ్రేకు మీద చెయ్యి వెయ్యాల్సిన పనే తక్కువ. ఎక్కేటప్పుడు నన్ను విసిగించిన పిస్టనే దిగేటప్పుడు కాపు కాసింది. గేరు తొందరపడి తగ్గించినా వెనక చక్రం పట్టేయకుండా జార్చే స్లిప్పర్ క్లచ్ రెండింటికీ ఉంది. ఆర్‌ఆర్‌కి అది 2019లో వచ్చింది. పాత బండి సెకండ్ హ్యాండులో చూసేవాళ్లు ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

ఒక మాట. 2023 ఆగస్టులో చిరుత ఆరేళ్ల పాపని పొట్టన పెట్టుకున్న తర్వాత ఘాట్‌లో బైకుల వేళల మీద ఆంక్షలు పెట్టారు. వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కనుక్కుని బయల్దేరాలి. సాయంత్రం దిగుతుంటే జింకలు అడ్డొస్తాయి. వాటికి మన బ్రేకుల సామర్థ్యం తెలియదు.

చిత్తూరు దారి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సాఫీ రోడ్డు మీద ఆర్‌సీ గెలిచింది. ఆరో గేర్లో ఎనభై మీద పోతూ చెయ్యి కాస్త తిప్పితే చాలు, లారీ వెనక్కి పోతుంది. ట్యాంకు కూడా పెద్దది, 13.7 లీటర్లు. ఆర్‌ఆర్‌ది 11. బెంగుళూరు ప్రయాణంలో ఒక బంకు తేడా. కానీ జూన్, జూలై నెలల్లో ఈ దారిన వెళ్లి చూడండి. తోతాపురి కాయల ట్రాక్టర్లు పల్ప్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. అప్పుడు ఆరు వరసలూ ఉత్తవే, మళ్లీ రెండో గేరే.

చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఉంది. 2024 సెప్టెంబరులో బస్సూ లారీలూ ఢీకొని పలువురు చనిపోయింది అక్కడే. ఆ వంపుల్లో నాకు ఏ బండి మీదా సరదా పుట్టలేదు. ఇక జిల్లా మీదుగా వేస్తున్న బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చూసి ఆశపడే కుర్రాళ్లకి ఒక చేదు కబురు. అందులో టూ వీలర్లకి ప్రవేశం లేదు.

మరి 160 మీద పోవాలన్న కోరిక ఎక్కడ తీర్చుకోవాలి? శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది. 1990 నుంచి అక్కడ పోటీలు జరుగుతున్నాయి. చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు షోలవరంలో, యుద్ధకాలపు పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. తిరుపతి నుంచి పొద్దున్నే లేచి వెళ్తే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అక్కడ మాత్రం ఎవరూ టైం చూసి జరిమానా వెయ్యరు, తొందరగా వస్తే మెచ్చుకుంటారు.

ఇంట్లో

కాణిపాకం క్రాసు దగ్గర ఒక పరిచయస్తుడు పాత బళ్లు కొని అమ్ముతాడు. రెండేళ్ల ఆర్‌సీ ఒకటి చూపించాడు. తక్కువ తిరిగింది, పడలేదు, ఒకే ఓనరు అన్నాడు. ఫెయిరింగు అంచున కొత్త రంగు కనిపించి, "కాణిపాకం పక్కనే ఉంది గదా, గుళ్లో ప్రమాణం చేస్తావా?" అన్నాను. మా వైపు ఆ మాట నవ్వులాటకి అనరు. వినాయకుడి ముందు అబద్ధం చెప్పడానికి ఎంతటివాడైనా జంకుతాడు. అతను తల గోక్కుని, "కొంచెం గీసుకుంది లే అన్నా, అంతే" అన్నాడు. సెకండ్ హ్యాండు ఆలోచన అక్కడితో సరి.

మా ఆవిడ రెండు బళ్లనీ ఒక్కో నిమిషం చూసింది. ముందు సీటు వైపు చూడనే లేదు. వెనక సీటు మీద అరచెయ్యి పెట్టి కొలిచింది. "ఏమండీ, ఇందులో నేను యాడ కూర్చోవాల?" రెండింటికీ జవాబు ఒకటే. ఈ తరగతి బళ్లలో వెనక సీటు పేరుకే. మెకానిక్ అన్న ఇంకో కోణం చూపించాడు. టీవీఎస్ సర్వీసు చిన్న ఊళ్లలో కూడా ఉంటుంది. అయితే అక్కడివాళ్ల చేతికి రోజూ తగిలేది ఎక్సెల్లు, జూపిటర్లు. ఆర్‌ఆర్ లాంటి బండి ఏదైనా మూలిగితే తిరుపతికే తేవాలి. కాబట్టి ఇందులో ఆర్‌ఆర్‌కి అనుకున్నంత లాభం లేదు.

పోయిన సోమవారం ఆర్‌ఆర్‌కి అడ్వాన్సు కట్టాను. ఆర్‌సీ మీద మనసు చచ్చిందని కాదు. ఆ కీచు గొంతు ఇప్పటికీ రాత్రిపూట బైపాసు మీద వినిపిస్తే చెవులు అటే పోతాయి. నా రోడ్లలో సగం రెండో గేరు రోడ్లు, ఆ సగం కోసం కొన్నాను. ఆర్15ని ఎక్స్ఛేంజిలో ఇవ్వమన్నారు గానీ వాళ్లు చెప్పిన ధర వినగానే మెకానిక్ అన్నకి ఫోన్ చేశాను. "నా షెడ్డులో పెట్టుకుంటాలే, అమ్మొద్దు" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర పూజ సంగతి వచ్చింది. కొత్త బండిని అలిపిరికి తీసుకెళ్లి పాదాల దగ్గర కొబ్బరికాయ కొడదామన్నాను. దగ్గర కదా అని.

"వద్దు, కాణిపాకం పోదాం" అంది మా ఆవిడ.

"డెబ్భై కిలోమీటర్లు. కొబ్బరికాయ యాడ కొట్టినా కొబ్బరికాయే గదా?"

"కొబ్బరికాయ కోసరం కాదులే."

ఏ ప్రమాణం చేయిస్తుందో ఇంకా చెప్పలేదు.